జిల్లా, మండలం, గ్రామం: ఈ మూడు పెట్టెలను దేనితో కట్టాలి? రియాక్ట్, వ్యూ, స్వెల్ట్, యాంగ్యులర్, వెబ్ కాంపొనెంట్స్ మధ్య ఎంపిక

తెలుగు రాష్ట్రాల్లో ఏ ఆన్‌లైన్ ఫారం తెరిచినా మూడు డ్రాప్‌డౌన్‌లు ఎదురవుతాయి. జిల్లా ఎంచుకుంటే దాని మండలాలు రావాలి, మండలం ఎంచుకుంటే దాని గ్రామాలు రావాలి. మధ్యలో జిల్లా మారిస్తే కింద ఎంచుకున్నవి చెరిగిపోవాలి. బడి అడ్మిషన్, ఆస్పత్రి రిజిస్ట్రేషన్, లోన్ దరఖాస్తు, ఎక్కడైనా ఇదే. ఒక సంస్థలో నాలుగు టీములుంటే నాలుగు టీములూ దీన్ని విడివిడిగా రాసుకుంటాయి. ఒకదాంట్లో జిల్లా మార్చినా పాత మండలమే కూర్చుని ఉంటుంది. ఇంకోదాంట్లో మౌస్ లేకుండా కదలలేం. మరోదాంట్లో గ్రామం పేరు కింద ఒత్తులు తెగిపోయి కనిపిస్తాయి.

ఒకసారి శ్రద్ధగా రాసి, పరీక్షించి, అన్ని పేజీల్లోనూ అదే వాడుకోవడం కోసమే కాంపొనెంట్లు, అంటే పేజీలో మళ్లీ మళ్లీ వాడుకునే ముక్కలు, పుట్టాయి. వాటిని రాయడానికి రియాక్ట్, వ్యూ లాంటి ఫ్రేమ్‌వర్క్‌లు (వెబ్ పేజీలు కట్టే రెడీమేడ్ చట్రాలు) చాలా ఉన్నాయి. దేనితో రాయాలన్న దగ్గరే గొడవ. చాలామంది ముందుగా ఏది వేగంగా నడుస్తుంది, దేనికి ఉద్యోగాలున్నాయి అని చూస్తారు. నేనైతే ముందు రెండు ప్రశ్నలు వేసుకోమంటాను. మీరు రాసే కాంపొనెంట్ మీ ఒక్క అప్లికేషన్‌లోనే ఉంటుందా, వేరే టీముల చేతికి కూడా వెళ్తుందా? రెండేళ్లలో తీసేసే పనా, పదేళ్లు నిలవాల్సిన పనా? ఈ రెంటికీ జవాబు దొరికితే సగం ఎంపిక అయిపోయినట్టే. అందుకే ఇక్కడ అన్నిటినీ ఆ మూడు పెట్టెల మీదే పెట్టి చూస్తాను.

ముందు బ్రౌజర్‌లో ఏముందో చూడండి

ఫ్రేమ్‌వర్క్ గురించి ఆలోచించే ముందు పది నిమిషాలు ఇక్కడ ఖర్చు పెట్టండి. మామూలు సెలెక్ట్ పెట్టెను ఫోన్‌లో నొక్కితే ఆ ఫోన్‌కు అలవాటైన జాబితానే తెరుచుకుంటుంది. కీబోర్డుతో పనిచేస్తుంది, చూపులేనివాళ్ల కోసం ఆండ్రాయిడ్‌లో ఉండే టాక్‌బ్యాక్ చదివి వినిపిస్తుంది. అందంగా లేదని దాన్ని తీసేసి డివ్‌లతో (ఉత్త పెట్టెల్లాంటి హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లతో) సొంత డ్రాప్‌డౌన్ కట్టిన రోజునుంచి ఈ మూడు పనులూ మీ నెత్తిన పడతాయి. పాప్-అప్ పెట్టె కోసం డైలాగ్ ఎలిమెంట్ 2022 మార్చి నుంచి పెద్ద బ్రౌజర్లన్నిటిలో ఉంది. తెరిచి మూసే భాగాలకు డీటెయిల్స్ ఎలిమెంట్ ఉంది. వీటితో సరిపోయే చోట కాంపొనెంట్ అన్నది వాటిమీద కప్పిన పలచని పొర మాత్రమే అయితే చాలు.

సైటంతా చదివే పేజీలే అయ్యుండి, ఒకటి రెండు ఫారాలే కదిలేవైతే ఫ్రేమ్‌వర్క్ అక్కర్లేదు. సర్వర్ వైపు వాడే లారావెల్‌లో బ్లేడ్ కాంపొనెంట్లున్నాయి, జాంగోలో టెంప్లేట్లున్నాయి. హెడర్, కార్డు, బటన్ లాంటివి సర్వర్‌లోనే ఒకసారి రాసి అన్నిచోట్లా వాడుకోవచ్చు. ఆస్ట్రో అనే ఫ్రేమ్‌వర్క్‌తో అయితే పేజీ మొత్తం ఉత్త హెచ్‌టీఎంఎల్‌గా వెళ్తుంది, కదిలే భాగానికి మాత్రమే జావాస్క్రిప్ట్ దిగుతుంది. తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్, ఆగి ఆగి వచ్చే డేటా ఉన్న మనిషికి ఈ తేడా పేజీ తెరిచిన మొదటి క్షణంలోనే తెలుస్తుంది.

రియాక్ట్

ఫేస్‌బుక్ ఇంజనీరు జోర్డన్ వాక్ దీన్ని మొదలుపెట్టారు. 2011లో న్యూస్‌ఫీడ్‌లో, 2012లో ఇన్‌స్టాగ్రామ్ వెబ్‌లో వాడి, 2013 మేలో అందరికీ విడుదల చేశారు. ఆ కాలంలో ఫేస్‌బుక్‌లో ఒక పాత తలనొప్పి ఉండేది. కొత్త మెసేజ్ వచ్చిందని అంకె చూపిస్తుంది, తెరిస్తే ఏమీ ఉండదు. సరిచేసినా కొన్నాళ్లకు మళ్లీ వచ్చేది. ఒకే సమాచారాన్ని పేజీలో చాలా భాగాలు ఎవరికి వారు మార్చుకోవడమే దానికి మూలం. డేటా పైనుంచి కిందికి మాత్రమే పారాలి, మార్పు కావాలంటే కింది భాగం పైదానికి చెప్పుకోవాలి అన్న క్రమశిక్షణ అక్కడ గట్టిపడింది. ఇప్పుడు చూడబోయే మిగతావాటిలోనూ ఆ క్రమశిక్షణ ఏదో ఒక రూపంలో ఉంది. రియాక్ట్ ప్రపంచానికి ఇచ్చిన అసలు విలువ అదేనని నా అభిప్రాయం.

మన మూడు పెట్టెలను రియాక్ట్‌లో రాసేటప్పుడు కొత్తవాళ్లు దాదాపు ఒకే దారి పడతారు: జిల్లా మారిందో లేదో గమనించే యూజ్‌ఎఫెక్ట్ ఒకటి పెట్టి, మారితే మండలాన్ని ఖాళీ చేయిస్తారు. పనిచేస్తుంది. కానీ ఎఫెక్ట్ నడిచేది తెర గీయడం అయ్యాక. కొత్త జిల్లా పక్కన పాత మండలం ఒక్క క్షణం కనిపించి మాయం కావచ్చు, కాంపొనెంట్ రెండుసార్లు గీయబడుతుంది. గ్రామానికి ఇంకో ఎఫెక్ట్ పెడితే మూడుసార్లు. సరైన పద్ధతి తేలికే: జిల్లా ఎంచుకున్న ఈవెంట్‌లోనే మూడు విలువలనూ కలిపి మార్చేయాలి. రియాక్ట్ అధికారిక పాఠాల్లో ఎఫెక్ట్ ఎక్కడ అక్కర్లేదో చెప్పే పేజీ ప్రత్యేకంగా ఉంది. రియాక్ట్ నేర్చుకునేవాళ్లు హుక్స్ (యూజ్‌ఎఫెక్ట్ లాంటి రియాక్ట్ ఫంక్షన్లు) కంటే ముందు ఆ పేజీ చదివితే ఎంతో బాగుంటుంది.

ఇంకో విషయం, స్టేట్ (కాంపొనెంట్ గుర్తుంచుకునే విలువలు) మారినప్పుడల్లా కాంపొనెంట్ ఫంక్షన్ మొత్తం మళ్లీ నడుస్తుంది, దాని కింది పిల్లలు కూడా. పొడవైన గ్రామాల జాబితా దగ్గర ఇది చవక ఫోన్‌లో బరువుగా తెలుస్తుంది. ఇన్నాళ్లూ మెమో, యూజ్‌మెమో అంటూ చేత్తో అదుపు చేసేవాళ్లం. 2025 అక్టోబరులో స్థిరపడిన రియాక్ట్ కంపైలర్ ఆ పనిలో చాలావరకు తానే చూసుకుంటుంది.

రియాక్ట్ తనంతట తాను సీఎస్ఎస్ (అలంకారం) గురించి, రూటింగ్ (పేజీల మధ్య కదలిక) గురించి, డేటా తెచ్చుకోవడం గురించి ఏమీ చెప్పదు. అన్నీ మీరే ఏరుకోవాలి. అనుభవం ఉన్నవాళ్లకు ఇది స్వేచ్ఛ. ముగ్గురు ఫ్రెషర్ల టీముకు మాత్రం ప్రతి వారం ఒక చర్చ. ఏళ్ల తరబడి కొత్తవాళ్ల మొదటి మెట్టుగా ఉన్న క్రియేట్ రియాక్ట్ యాప్‌ను 2025 ఫిబ్రవరిలో పక్కన పెట్టేశారు. పాత వీడియో చూసి దానితో మొదలుపెట్టే విద్యార్థులకు ఈ సంగతి చెప్పండి. ఇప్పుడు వైట్ (Vite) తోనో నెక్స్ట్ (Next.js) తోనో మొదలుపెట్టాలి.

ఎన్నాళ్లు నిలుస్తుంది అన్న ప్రశ్నకు మాత్రం రియాక్ట్ జవాబు బలమైనది. 2019 ఫిబ్రవరిలో హుక్స్ వచ్చినా పాత క్లాస్ కాంపొనెంట్లు ఈనాటికీ పనిచేస్తున్నాయి. 2017లో దాని లైసెన్సులోని పేటెంట్ షరతు మీద పెద్ద దుమారం లేచింది. వర్డ్‌ప్రెస్ దీన్ని వదిలేస్తామని ప్రకటించిన కొద్దిరోజులకే ఫేస్‌బుక్ ఎంఐటీ లైసెన్సుకు మారింది. వర్డ్‌ప్రెస్ ఎడిటర్ నేటికీ రియాక్ట్‌తోనే నడుస్తోంది. 2025 అక్టోబరులో దీని బాధ్యతను లైనక్స్ ఫౌండేషన్ కింద ఏర్పడే ప్రత్యేక సంస్థకు అప్పగిస్తున్నట్టు కూడా ప్రకటించారు.

వ్యూ

గూగుల్‌లో యాంగ్యులర్‌జేఎస్‌తో పనిచేసిన ఇవాన్ యూ 2014లో వ్యూను విడుదల చేశారు. ఒక ఫైలులో మూడు భాగాలు: లాజిక్, హెచ్‌టీఎంఎల్ టెంప్లేట్, స్టైల్. హెచ్‌టీఎంఎల్ తెలిసిన డిజైనర్ ఆ ఫైలు తెరిస్తే బెదిరిపోడు. స్కోప్డ్ అని ఒక్క మాట చేరిస్తే ఆ స్టైల్ ఆ కాంపొనెంట్ దాటి పోదు. పీహెచ్‌పీ, జావా చేస్తూ ఫ్రంటెండ్ కూడా చూసుకోవాల్సిన చిన్న టీములకు నేను ముందుగా చెప్పే పేరు ఇదే.

మూడు పెట్టెల పని ఇక్కడ హాయిగా సాగుతుంది. మండలాల జాబితాను కంప్యూటెడ్‌గా (ఇంకో విలువనుంచి లెక్కగట్టే విలువగా) రాస్తే జిల్లా మారినప్పుడు అదే మారుతుంది. వాడుకునే పేజీ వీ-మోడల్ అని ఒక్క ముక్క రాస్తే విలువ రెండు వైపులా నడుస్తుంది. 2023 డిసెంబరులో వచ్చిన 3.4 నుంచి డిఫైన్‌మోడల్ ఉండటంతో కాంపొనెంట్ లోపల రాయాల్సిన తంతు కూడా తగ్గింది.

అయితే తెలుగు టైప్ చేయించే వాళ్లందరూ తెలుసుకోవాల్సిన సంగతి ఒకటి ఉంది. గ్రామం పేరు టైప్ చేస్తుంటే జాబితా కుదించుకుంటూ రావాలని సెర్చ్ పెట్టె పెట్టారనుకోండి. ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు పొందే కీబోర్డుల్లో మాట పూర్తయ్యేదాకా అక్షరాలు కూర్పు దశలో ఉంటాయి. ఆ దశ ముగిసేవరకు వీ-మోడల్ విలువను మార్చదు. చైనా, జపాన్ భాషల కోసం తీసుకున్న నిర్ణయమిది, డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది. మన దగ్గర ఫలితం ఏమిటంటే, వాడేవాళ్లు "నల్ల" దాకా కొట్టినా జాబితా కదలదు. స్పేస్ కొట్టాక ఒక్కసారిగా మారుతుంది. సెర్చ్ పనిచేయట్లేదనే అనుకుంటారు. మందు చిన్నదే. ఆ ఒక్క పెట్టెకు వీ-మోడల్ బదులు వాల్యూను, ఇన్‌పుట్ ఈవెంట్‌ను విడిగా కట్టుకోవాలి.

రియాక్ట్, స్వెల్ట్ కూర్పు మధ్యలో కూడా ప్రతి మార్పునూ అందిస్తాయి. అలాగని రియాక్ట్‌లో చిక్కు లేదని కాదు. కూర్పు జరుగుతుండగా మీ కోడ్ ఆ విలువను సరిచేసి తిరిగి పెట్టెలో రాస్తే, ఖాళీలు తీసేయడం లాంటి చిన్న పనైనా సరే, కీబోర్డు చేతిలోని మాట చెదిరిపోతుంది. యాంగ్యులర్ ఫారాలైతే కంప్యూటర్లో కూర్పు ముగిసేదాకా ఆగుతాయి, ఆండ్రాయిడ్‌లో ఆగవు. కాబట్టి ల్యాప్‌టాప్‌లో పరీక్షించి ఫోన్‌లోనూ ఇంతే అనుకోవద్దు.

వ్యూ మీద నాకున్న ఫిర్యాదు 2 నుంచి 3కు మారిన తీరు. వ్యూ 3 2020 సెప్టెంబరులో వచ్చింది. దానిమీద ఆధారపడ్డ లైబ్రరీలు వెనకే రాలేదు. రెడీమేడ్ కాంపొనెంట్లిచ్చే వ్యూటిఫై కొత్త రూపం స్థిరపడేసరికి 2022 చివరైంది. వ్యూ 2కు మద్దతు 2023 డిసెంబరు 31తో ముగిసింది. ఆ మధ్యకాలంలో చాలా టీములు రెంటి మధ్యా వేలాడాయి. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవారికి ఆ బెడద లేదు.

స్వెల్ట్

వార్తాపత్రికల్లో ఇంటరాక్టివ్ గ్రాఫిక్స్ చేసిన రిచ్ హారిస్ 2016లో దీన్ని తెచ్చారు. పాఠకుడి ఫోన్‌లోకి ఫ్రేమ్‌వర్క్ మొత్తం దించకుండా, కాంపొనెంట్‌ను ముందే కంపైల్ చేసి కావలసిన జావాస్క్రిప్ట్ మాత్రమే పంపాలన్నది ఆలోచన. ఒకటి రెండు కాంపొనెంట్లున్న పేజీలో ఇది నిజంగా తేలిక. కాంపొనెంట్లు వందల్లోకి వెళ్తే ఒక్కోదాని కోడ్ కలిసి ఆ లాభం కరుగుతుంది. ఈ రెండో సగం ప్రచారంలో వినిపించదు.

రాయడానికి ఇంత హాయిగా ఉండేది ఇంకోటి నాకు కనబడలేదు. జిల్లా ఒక స్టేట్, మండలాలు దాన్నుంచి వచ్చే డిరైవ్డ్, స్టైల్ ఎలాగూ బయటికి పోదు. 2024 అక్టోబరులో వచ్చిన స్వెల్ట్ 5 రూన్స్ పేరుతో రాసే తీరే మార్చింది. పాత తీరూ నడుస్తుంది. కానీ ఇంటర్నెట్‌లో దొరికే పాఠాలు, ఏఐ సహాయకులు ఇచ్చే కోడ్ చాలాసార్లు పాత పద్ధతిలోనే ఉంటాయి. కొత్తవాళ్లు రెండూ కలిపేసి చిక్కుపడతారు. హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా స్వెల్ట్ వచ్చినవాళ్లను వెతికి పట్టుకోవడం కంటే, జావాస్క్రిప్ట్ బాగా వచ్చినవాళ్లను తీసుకుని నేర్పించడమే మేలు.

యాంగ్యులర్

2010 నాటి యాంగ్యులర్‌జేఎస్, 2016 సెప్టెంబరులో వచ్చిన యాంగ్యులర్ 2 పేరుకు అన్నదమ్ములు, పనిలో పరాయివి. పాతదాన్ని నమ్ముకున్న సంస్థలు అప్లికేషన్లను దాదాపు మొదటినుంచీ రాసుకోవాల్సి వచ్చింది. పాతదానికి మద్దతు 2021 డిసెంబరు 31తో ఆగిపోయింది. ఆ గాయం వల్ల దీన్ని దూరం పెట్టినవాళ్లున్నారు. కానీ 2016 తర్వాత నడక పద్ధతిగా ఉంది. ఆరు నెలలకో పెద్ద వెర్షన్, ఒక్కోదానికి 18 నెలల మద్దతు, ఒకదాన్నుంచి ఇంకోదానికి మారేటప్పుడు కోడ్‌ను తానే సరిచేసే కమాండ్. బ్యాంకింగ్, ఇన్సూరెన్స్ ప్రాజెక్టుల్లో యాభైమంది ఒకే కోడ్ మీద పనిచేసే చోట ఫైలు ఎక్కడుండాలి, సర్వీసు ఎలా రాయాలి అన్న వాదన ఉండదు. అందరూ ఒకేలా రాస్తారు.

మన మూడు పెట్టెలను యాంగ్యులర్ ఫారంలో మామూలు ఇన్‌పుట్‌లా కలిసిపోయేలా చేయాలంటే కంట్రోల్ వాల్యూ యాక్సెసర్ అనే ఇంటర్‌ఫేస్ నింపాలి. విలువ బయటినుంచి వస్తే ఏం చేయాలి, మారితే ఎవరికి చెప్పాలి, వాడేవాళ్లు తాకి వదిలేస్తే ఎవరికి చెప్పాలి, డిసేబుల్ చేస్తే ఏం చేయాలి. మొదటిసారి విసుగు పుడుతుంది. కానీ ఒక ఫారం కాంపొనెంట్‌కు నిజంగా ఉండాల్సిన బాధ్యతలన్నీ ఆ నాలుగు ప్రశ్నల్లో ఉన్నాయి. మీరు ఏ ఫ్రేమ్‌వర్క్ వాడినా ఆ నాలుగింటికీ మీ కాంపొనెంట్ దగ్గర జవాబుందా అని చూసుకోండి. 2023లో వచ్చిన సిగ్నల్స్ (మారిన విలువను దాన్ని వాడే చోటికే చేర్చే పద్ధతి), తర్వాత వచ్చిన కొత్త టెంప్లేట్ రాతతో యాంగ్యులర్ మునుపటికంటే చాలా తేలికపడింది. పాత అభిప్రాయంతోనే తీసేయకండి.

వెబ్ కాంపొనెంట్స్

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒక్క ఇంటి గోడల మధ్య పనిచేసే వస్తువులు. రియాక్ట్‌లో రాసిన చిరునామా పెట్టె యాంగ్యులర్ టీముకు పనికిరాదు. జాంగో టెంప్లేట్ రాసేవాళ్లకు అసలే పనికిరాదు. నాలుగు టీముల సమస్యకు నేరుగా జవాబు చెప్పేది వెబ్ కాంపొనెంట్స్ ఒక్కటే. బ్రౌజర్‌కే ఒక కొత్త ట్యాగ్ నేర్పిస్తారు. పేరు మధ్యలో హైఫన్ తప్పనిసరి. ఆ తర్వాత అది ఏ పేజీలోనైనా మామూలు ట్యాగ్‌లాగే పనిచేస్తుంది.

2011లోనే ఈ ఆలోచన బయటికొచ్చినా, 2018 అక్టోబరులో ఫైర్‌ఫాక్స్ 63, 2020 జనవరిలో క్రోమియం మీద కట్టిన ఎడ్జ్ వచ్చాకే అన్నిచోట్లా నమ్మకంగా నడిచింది. వీటిని రాయడానికి గూగుల్ వాళ్ల పాలిమర్ లైబ్రరీ వచ్చింది, పక్కకు తప్పుకుంది. దాని వారసుడు లిట్. కుదించాక 5 కిలోబైట్ల దగ్గర ఉంటుంది. ఉత్త బ్రౌజర్ పద్ధతిలో రాస్తే వచ్చే చాకిరీని ఇది తగ్గిస్తుంది. బ్రౌజర్ ప్రమాణం మీద నిలబడ్డది కాబట్టి రేపు లిట్‌కే ఏదైనా అయినా, మీ ట్యాగ్‌ను వాడుకున్న పేజీలు ఒక్క అక్షరం మార్చుకోనక్కర్లేదు. పదేళ్ల మన్నిక కావాలన్నవాళ్లకు ఇంతకన్నా మంచి మాట ఇంకెవరూ ఇవ్వలేరు.

ఇక ఇబ్బందులు. వీటిని ముందే తెలుసుకోకుండా దిగిన టీములు ఆరునెలల్లో వెనక్కి వస్తాయి.

ట్యాగ్ మీద రాసే అట్రిబ్యూట్లన్నీ ఉత్త అక్షరాలే. మండలాల జాబితాను అట్రిబ్యూట్‌గా పంపలేరు, ప్రాపర్టీగా (జావాస్క్రిప్ట్‌లో నేరుగా) పంపాలి. 2024 డిసెంబరులో వచ్చిన రియాక్ట్ 19 దీన్ని సరిగ్గా చేస్తుంది. అంతకుముందున్న రియాక్ట్ టీములు చుట్టూ ఒక తొడుగు రాసుకోవాలి. లోపలినుంచి పంపే సొంత ఈవెంట్ షాడో డామ్ (కాంపొనెంట్ లోపలి భాగాలను మిగతా పేజీనుంచి వేరుచేసే బ్రౌజర్ ఏర్పాటు) గోడ దాటాలంటే బబుల్స్, కంపోజ్డ్ రెండూ ఆన్ చేయాలి. ఈవెంట్ అందట్లేదని గంటలకొద్దీ వెతికేవాళ్లలో చాలామంది కంపోజ్డ్ మరిచిపోయినవాళ్లే.

షాడో డామ్‌లో ఉంచిన ఇన్‌పుట్ బయటి ఫారంకు కనబడదు. సబ్మిట్ చేస్తే గ్రామం పేరు వెళ్లదు. అందుకోసం ఎలిమెంట్ ఇంటర్నల్స్ అనే ఏర్పాటు ఉంది. 2023 మార్చిలో సఫారీ 16.4తో అది కూడా అన్ని బ్రౌజర్లకూ వచ్చింది. స్క్రీన్ రీడర్ల కోసం రాసే లేబుల్ సంబంధాలు, అంటే ఈ పెట్టెకు ఆ లేబుల్ అని ఐడీతో చెప్పేవి, షాడో గోడను దాటవు. కాబట్టి లేబుల్ కూడా కాంపొనెంట్ లోపలే పెట్టండి. లేదా షాడో డామ్ మానేయండి, లిట్‌లో అది ఒక్క మెథడ్ పని. ఫారం కాంపొనెంట్లకు నేను రెండోదే చెబుతాను. చూపులేనివాళ్లు దరఖాస్తు నింపలేకపోతే, స్టైల్ ఎంత భద్రంగా దాచుకున్నా లాభం లేదు.

సర్వర్‌లోనే పేజీ గీసి పంపడం వీటికి ఇప్పటికీ బలహీనమైన చోటు. వెతుకులాటలో కనబడాల్సిన, మొదటి క్షణంలో చదవాల్సిన పేజీ మొత్తాన్ని వెబ్ కాంపొనెంట్స్‌తో కట్టకండి. బటన్, తేదీ పెట్టె, చిరునామా పెట్టె లాంటి ఆకు స్థాయి వస్తువులకు ఇవి, పేజీకి వేరేవి.

తెలుగు వచ్చాక తేలే తేడాలు

పైవాటిలో ఏది ఎంచుకున్నా ఇంగ్లిష్ అక్షరాలతో డెమో చూసి నిర్ణయించకండి. రెడీమేడ్ బటన్లు, చిప్‌లు, ట్యాబ్‌లు బిగుతైన లైన్-హైట్‌తో, ఖాయమైన ఎత్తుతో వస్తాయి. "కృష్ణా", "స్త్రీలు" అని పెట్టి చూడండి. కింది ఒత్తు, పైన గుడి కోసుకుపోతే ఆ లైబ్రరీలో ఎత్తును ఎక్కడినుంచి మార్చాలో వెతకాలి. ఒక్కచోట మారిస్తే అన్నిటికీ పాకుతుందా, ఒక్కో కాంపొనెంట్‌నూ తిరగరాయాలా అన్నది లైబ్రరీ ఎంపికలో పెద్ద అంశం. "సేవ్" పట్టే బటన్‌లో "భద్రపరచండి" పట్టదు. ముఖ్యమైన మాటను పెద్దక్షరాలతో చూపించే డిజైన్‌కు తెలుగులో అర్థమే లేదు, బరువుతోనో రంగుతోనో చూపాలి.

ప్రొఫైల్ ఫొటో లేనప్పుడు పేరులోని మొదటి అక్షరం చూపే గుండ్రటి కాంపొనెంట్ ప్రతి లైబ్రరీలో ఉంటుంది. శ్రీనివాస్ అన్న పేరిస్తే చాలావాటిలో "శ" వస్తుంది. ఎందుకంటే "శ్రీ" కంప్యూటర్‌కు నాలుగు యూనికోడ్ గుర్తులు, కాంపొనెంట్ మొదటిదాన్ని మాత్రమే తీసుకుంటుంది. బ్రౌజర్‌లోని ఇంటల్ సెగ్మెంటర్‌తో కోస్తే సరైన అక్షరం దొరుకుతుంది. కానీ తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకటిగా లెక్కించే నియమం 2023 నాటి యూనికోడ్ 15.1లోనే చేరింది. అంతకుముందటి బ్రౌజర్లలో "శ్" దగ్గర తెగుతుంది. అలాంటిచోట పొల్లుతో ముగిస్తే తర్వాతి ముక్కను కూడా కలుపుకునే చిన్న ఫంక్షన్ మనమే రాసుకోవాలి.

సెర్చ్ పెట్టెలో ఇంకో చిక్కు. ఒకరు టైప్ చేసిన పేరులో పొల్లు తర్వాత కంటికి కనబడని జడ్‌డబ్ల్యూఎన్‌జే గుర్తు ఉంటుంది, డేటాబేస్‌లో ఉండదు. రెండూ చూడ్డానికి ఒకటే, పోలిస్తే వేరు. పోల్చే ముందు ఆ గుర్తును తీసేసి, రెండు వైపులా యూనికోడ్ నార్మలైజేషన్ చేయండి.

వాక్యాలను ముక్కలుగా అతికించే కాంపొనెంట్లు తెలుగులో చెడిపోతాయి. పేరు పక్కన "కి" అతికిస్తే రవికి సరిపోతుంది, వెంకట్‌కు సరిపోదు. "ఎవరికి: వెంకట్" అన్నట్టు ప్రత్యయం అవసరం లేని వాక్యాన్ని ఎంచుకోండి. లక్షల కామాల కోసం సొంత కోడ్ వద్దు. బ్రౌజర్‌కు తెలుగు లొకేల్ ఇస్తే 12,34,567 అని అదే పెడుతుంది. వెబ్ కాంపొనెంట్స్ వాడేవాళ్లు తెలుగు ఫాంట్‌ను షాడో డామ్‌లో ప్రకటిస్తే పనిచేయదు. పేజీ స్థాయిలో ప్రకటించండి, లోపలికి అదే పారుతుంది.

రెడీమేడ్ లైబ్రరీలు

సంఖ్యలో రియాక్ట్‌ను కొట్టేది లేదు. ఎంయూఐ, యాంట్ డిజైన్ లాంటివి అన్నీ అలంకరించి ఇస్తాయి. రాడిక్స్, అడోబీ వాళ్ల రియాక్ట్ ఏరియా ప్రవర్తన మాత్రమే ఇచ్చి అలంకారం మీకు వదిలేస్తాయి. షాడ్‌సీఎన్ పద్ధతి వేరు, కోడ్‌నే మీ ప్రాజెక్టులోకి కాపీ చేస్తుంది. తెలుగు సైటుకు నాకు నచ్చేవి రెండో, మూడో రకాలు. ఎత్తు, వెడల్పు, లైన్-హైట్ మన చేతిలో ఉంటాయి. కాపీ పద్ధతిలో మాత్రం తర్వాత వచ్చే దిద్దుబాట్లను మీరే తెచ్చుకోవాలి, అందుకు ఒక మనిషిని అనుకుని ఉంచండి. వ్యూకు వ్యూటిఫై, ప్రైమ్‌వ్యూ, యాంగ్యులర్‌కు యాంగ్యులర్ మెటీరియల్ సరిపడా ఉన్నాయి. స్వెల్ట్ ఈ విషయంలో వెనకబడింది.

అయితే ఏది తీసుకోవాలి?

ఒకే అప్లికేషన్, ఇద్దరు ముగ్గురు మనుషులు, సర్వర్ పని కూడా వాళ్లదే అయితే వ్యూ. తెలుగు టైపింగ్ పెట్టెల దగ్గర పైన చెప్పిన జాగ్రత్త తీసుకోండి. మనుషులు మారుతూ ఉంటారు, కొత్తవాళ్లు వేగంగా దొరకాలి, రేపు రియాక్ట్ నేటివ్‌తో మొబైల్ యాప్ కూడా రావచ్చు అంటే రియాక్ట్. అమీర్‌పేటలో కోర్సు ఎంచుకునే విద్యార్థికి కూడా ఇదే చెబుతాను. కానీ అంతకుముందు రెండు నెలలు ఉత్త జావాస్క్రిప్ట్, డామ్ (బ్రౌజర్ దగ్గరుండే పేజీ నిర్మాణం) మీద పెట్టమని బతిమాలి మరీ చెబుతాను. ఇప్పటికే యాంగ్యులర్ ఉన్న సంస్థ దాన్ని వదలాల్సిన కారణం ఈరోజు ఏదీ లేదు, వెర్షన్ పెంచుకోండి. వార్తా కథనంలో ఒక గ్రాఫ్, ఎన్నికల ఫలితాల పట్టిక, లోన్ లెక్క చూపే చిన్న పెట్టె లాంటివైతే స్వెల్ట్.

వేర్వేరు టీములు, వేర్వేరు టెక్నాలజీలు, ఒకే రూపం కావాలంటే లిట్‌తో వెబ్ కాంపొనెంట్స్. పదిహేను ఇరవై వస్తువులకు మించి వాటిలో పెట్టకండి. వాటిని చూసుకోవడానికి ఒక టీము ఉంటేనే మొదలుపెట్టండి. ఉన్నవి రెండే టీములు, ఇద్దరూ రియాక్టే అయితే దీని జోలికి పోవద్దు, రియాక్ట్ ప్యాకేజీగా పంచుకుంటే చాలు.

ఏది తీసుకున్నా ఒక పని చేయండి. జిల్లా ఇస్తే మండలాలేవి, పాత ఎంపికల్లో ఏవి చెల్లవు, పేర్లను ఎలా పోల్చాలి అన్న లాజిక్‌ను ఫ్రేమ్‌వర్క్ పేరే లేని మామూలు జావాస్క్రిప్ట్ ఫైలులో రాయండి. దానికి పరీక్షలు కూడా అక్కడే రాయండి. కాంపొనెంట్ దాన్ని పిలిచి చూపించే పలచని తెరగా మిగలాలి. 2021లో యాంగ్యులర్‌జేఎస్ నుంచి, 2023లో వ్యూ 2 నుంచి బయటపడాల్సి వచ్చినవాళ్లలో ఇలా విడదీసి ఉంచుకున్నవాళ్లు తెర ఒక్కటి మార్చుకుంటే సరిపోయింది.

ఇంకా తేల్చుకోలేకపోతే, చివరికి మీ ముందు మిగిలిన రెండు ఎంపికలతోనూ ఈ మూడు పెట్టెలను కట్టి చూడండి. ఒక వారం చాలు. తర్వాత చవకైన ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి తీసుకుని డేటా నెమ్మదిగా ఉన్నచోట తెరవండి. తెలుగు కీబోర్డుతో గ్రామం వెతకండి. టాక్‌బ్యాక్ ఆన్ చేసి కళ్లు మూసుకుని ఫారం పూర్తి చేయండి. జిల్లా మార్చి, కింద పాత మండలం మిగిలిందేమో చూడండి. చివరగా, ఆ కాంపొనెంట్ రాయని మనిషికి కోడ్ ఇచ్చి నాలుగో పెట్టెగా పిన్‌కోడ్ చేర్చమనండి. ఏ కోడ్‌లో ఆ మనిషి మిమ్మల్ని తక్కువ ప్రశ్నలు అడిగితే దాన్ని తీసుకోండి.